ఏడాది గ్రాసం ఇంట్లో నింపుకోవడం, నిప్పుల మీద రొట్టె కాల్చుకోవడం: పల్లె ఇంటికి సమగ్ర మార్గదర్శి

సంక్రాంతికి కొత్త ధాన్యం ఇల్లు చేరిన దగ్గర్నుంచి మృగశిర కార్తె వానలు పడేదాకా, అంటే జనవరి మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా, పల్లెటూళ్ళో ఏడాది గ్రాసం సమకూర్చుకునే కాలం. కందులు, మినుములు, బెల్లం, జొన్నలు, మిరపకాయలు, చింతపండు, మామిడికాయలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ధర అందుబాటులో ఉండేదీ, సరుకు తాజాగా ఉండేదీ, ఆరబెట్టుకోవడానికి ఎండ దొరికేదీ అప్పుడే. మొదటి వానలోపు జాడీలకు మూతలు పడిపోవాలి.

ఈ పనిలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటుంది. గింజ ఎంత చితికితే దాని ఆయుష్షు అంత తగ్గుతుంది. వడ్లు, రాగులు, జొన్నలు గింజగా ఉంటే ఏడాది దాటినా చెక్కుచెదరవు. రవ్వగా పట్టిస్తే నెలా రెండు నెలలు. పిండి చేస్తే పది, పదిహేను రోజులు. సజ్జ పిండి వారానికే చేదెక్కుతుంది. గింజలో మొలక వచ్చే భాగంలోనూ తవుడు పొరలోనూ నూనె ఉంటుంది. పైపొర పగిలితే ఆ నూనెకు గాలి తగిలి కనరు వాసన వస్తుంది. అందుకని గింజను దాచండి, పిండిని వారానికోసారి పట్టించుకోండి. ఈ సూత్రానికి ఎదురు తిరిగేవి పప్పుధాన్యాలు. వాటి సంగతి విడిగా చెప్తాను, ఎక్కువ మంది నష్టపోయేది అక్కడే.

ముందు లెక్క వేసుకోండి

నలుగురు పెద్దవాళ్ళున్న, రెండు పూటలా అన్నం తినే ఇంటికి రోజుకు కిలోంబావు బియ్యం పడతాయి. ఏడాదికి నాలుగున్నర క్వింటాళ్ళు. క్వింటా వడ్లు మరాడిస్తే 65 కిలోల దాకా బియ్యం వస్తాయి కాబట్టి 7 క్వింటాళ్ళ వడ్లు ఉండాలి. 75 కిలోల బస్తాలైతే తొమ్మిది, పది. చుట్టపక్కాలకూ పండగలకూ ఒక బస్తా అదనం. నెలనెలా వచ్చే రేషన్ బియ్యాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి. ఒక పూట జొన్నరొట్టె తినే ఇల్లైతే బియ్యం తగ్గించి, జొన్నలు రెండు క్వింటాళ్ళ పైచిలుకు పెట్టుకోవాలి.

కందిపప్పు నెలకు మూడున్నర కిలోల చొప్పున ఏడాదికి 42 కిలోలు. ఇంట్లోనే పప్పు చేసుకునేట్టయితే 60 కిలోల కందులు తీసుకోండి, పొట్టూ నూకా పోను అంత పప్పు దిగుతుంది. మినుములు 25 కిలోలు, పెసలు 10, చింతపండు 12, ఎండుమిరపకాయలు పచ్చళ్ళతో కలిపి 10, బెల్లం 10 నుంచి 12, రాళ్ళుప్పు 15 కిలోలు. ఇవి నేను నమ్మే లెక్కలు. మీ ఇంటి వాడకం కచ్చితంగా తెలియాలంటే ఒక నెల పాటు కొలిచి రాసిపెట్టుకుని పన్నెండుతో హెచ్చవేయండి. ఏడాదికి మించి దేన్నీ కొనవద్దు. రాగులొక్కటే మినహాయింపు. ఆ గింజ చిన్నది, గట్టిది, పురుగు దాని జోలికి రాదు. రాగులను పాతరలో పెట్టి కరువు రోజుల కోసం ఏళ్ళ తరబడి దాచింది ఇందుకే.

ఆరబెట్టడం: సగం పని ఇక్కడే

నిల్వ చెడిపోయిందంటే డబ్బానో డ్రమ్మునో తప్పుపడతాం గానీ, చాలాసార్లు ఆ గింజ లోపలికి వెళ్ళేటప్పుడే పచ్చిగా ఉంటుంది. వడ్లలో తేమ 14 శాతానికి మించకూడదు, ఏడాది ఉంచాలంటే 12కి దిగాలి. పప్పుధాన్యాలకూ ఎండుమిరపకూ 10 శాతం దగ్గర ఉంటే నిశ్చింత.

పేడతో అలికిన కళ్ళం మీదో శుభ్రమైన టార్పాలిన్ మీదో రెండంగుళాల మందాన పరిచి, గంటకోసారి కాలితోనో చెక్కతోనో తిరగెయ్యండి. తారు రోడ్డు మీద ఆరబోయవద్దు. దుమ్ము, బండ్ల నూనె గింజకు పడతాయి, ప్రమాదాలు కూడా జరుగుతున్నాయి. సాయంత్రం మంచు దిగకముందే కుప్ప చేసి గోనెపట్టాలు కప్పాలి. ఆరిన గింజను వేడిగా ఉండగానే డ్రమ్ములో పోయకూడదు. లోపల చెమ్మ పుట్టి, మూత కింద నీటిబొట్లు దిగి, పైపొర బూజు పడుతుంది. నీడన రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే పోయండి.

ఆరిందో లేదో చూడటానికి రెండు పరీక్షలున్నాయి. ఒక గింజ పంటికింద పెట్టి కొరకండి. టక్కుమని రెండు ముక్కలైతే ఆరినట్టు, నలిగి పంటికి అతుక్కుంటే ఇంకో రోజు ఎండ కావాలి. రెండోది ఉప్పు పరీక్ష. పొడిగా ఉన్న గాజుసీసాలో గుప్పెడు ఎండిన మెత్తటి ఉప్పు, దానికి మూడింతల గింజలు పోసి, మూతపెట్టి ఒక నిమిషం బాగా కుదపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. అంటకుండా కింద పొడిపొడిగా ఉంటే నిల్వకు పనికొస్తాయి.

ఇంకో మాట. మరాడించిన బియ్యానికి పురుగు పట్టిందని నడి ఎండలో పోస్తుంటారు. బియ్యం ఎండకు పగిలి, వండితే నూకల అన్నం అవుతుంది. బియ్యాన్ని చెట్టునీడన గాలికి ఆరబోసి జల్లించాలి, అంతే.

వడ్లు, బియ్యం

బస్తాలను నేలకు ఆనించవద్దు. జానెడు ఎత్తున చెక్కదిమ్మెలు వేసి, గోడకు రెండడుగుల దూరంలో పేర్చండి. గోడకు ఆనిస్తే వానాకాలం గోడ చెమ్మ అంతా బస్తాకు ఎక్కుతుంది. ఆ ఖాళీలో మనిషి తిరిగితే ఎలుక కన్నాలూ పందికొక్కు మట్టీ కూడా కంటపడతాయి. ఒకప్పుడు గాదెలు, గడ్డి పురులు ఉండేవి. మీ ఇంట్లో గాదె ఇంకా ఉంటే దాన్ని తీసెయ్యకండి. పేడా మట్టీ కలిపి పగుళ్ళు అలికి, వారం ఆరనిచ్చి వాడుకోండి.

ఒక్కసారే అన్ని వడ్లూ మరకు పంపకండి. రెండు నెలలకు సరిపడా ఆడించుకుంటూ వెళ్ళండి. ఊక ఉన్నంత వరకూ గింజకు కవచం ఉన్నట్టే. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి జనవరిలో వచ్చిన వడ్లను జూన్, జులై దాకా ముట్టుకోకుండా, అంతవరకూ పాతవి తినేలా ఒక అరఏడు ముందుకు సర్దుకోండి. సాంబ మసూరి లాంటి సన్నరకాలకు ఇది మరీ అవసరం. అవి ఆరు నెలలు మాగాకే పొడిపొడిగా వండుకుంటాయి. దంపుడు బియ్యం ఆరోగ్యమని ఇష్టపడేవాళ్ళు నెలకు సరిపడానే ఆడించుకోవాలి, తవుడులో నూనె ఉంటుంది గనక.

కందులు: గింజగా కాదు, పప్పుగా దాచాలి

పప్పుధాన్యాలకు పట్టే పుచ్చు పురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెడుతుంది. ఇంటికొచ్చిన కందులను దోసిట్లోకి తీసుకుని వెలుతురులో చూడండి. గింజ మీద సున్నం చుక్కలాంటి తెల్లటి బొట్టు కనిపిస్తే అది గుడ్డే. కొన్నాళ్ళకు గింజకు గుండ్రటి బెజ్జం పడుతుంది, అందులోంచి పురుగు బయటికొచ్చి మళ్ళీ పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. నునుపైన పొట్టున్న నిండు గింజ మీద గుడ్లు పెట్టడం దానికి ఇష్టం. పొట్టు తీసి బద్ద చేస్తే దాని పప్పులుడకవు. అందుకే కందులు ఇంటికొచ్చిన నెలలోపు పప్పు చేసెయ్యాలి.

ఇంటి పద్ధతి ఇది. కందులు జల్లించి, పుచ్చులు ఏరి, రెండు రోజులు ఎండబెట్టండి. తిరగలి పై రాయిని కాస్త ఎత్తులో ఉంచి ఒక్కసారి ఆడించండి. గింజ పగలకూడదు, పొట్టు గీసుకుంటే చాలు. మర్నాడు 10 కిలోలకు 100 మిల్లీలీటర్ల నువ్వులనూనె గానీ ఆముదం గానీ చేత్తో పట్టించి, ఆ రాత్రి కుప్పగా కప్పి ఉంచండి. గీతల్లోంచి నూనె దిగి పొట్టూ పప్పూ మధ్య ఉన్న జిగురు వదులవుతుంది. తర్వాత మూడు రోజులు మంచి ఎండ. మూడో రోజు సాయంత్రం చిలకరించినట్టు నీళ్ళు చల్లి, కలిపి, మళ్ళీ రాత్రంతా కప్పెయ్యండి. నాలుగో రోజు ఎండలో పెడితే పొట్టు ముడతలు పడి విడిపోతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు తిరగలిలో విసరండి, లేదా పప్పు మరకు తీసుకెళ్ళండి. చేటతో చెరిగితే పొట్టు ముందుకు, నూక పక్కకు, బద్ద వెనక్కు వస్తాయి. పొట్టూ సన్న నూకా గేదెలకు మంచి దాణా. పెద్ద నూకను పచ్చిపులుసులో నంజుకునే పొడికి వేయించి దాచుకోవచ్చు.

విసిరిన పప్పును మళ్ళీ ఒక రోజు ఎండబెట్టి, చల్లార్చి, డబ్బాలకెత్తండి. ఎర్రమట్టి పట్టించి చేసే పద్ధతి కూడా చాలా ఊళ్ళలో ఉంది. రాత్రి నానబెట్టి, జల్లించిన ఎర్రమన్ను కలిపి, కుప్పపెట్టి, ఆనక ఎండబెట్టి విసురుతారు. బద్ద అందంగా విడుతుంది. మూడు నాలుగు రోజులు మబ్బు లేని ఎండ దొరుకుతుందన్న ధీమా ఉంటేనే దానికి దిగండి. నానిన కంది మబ్బుకు చిక్కితే వాసన పట్టేస్తుంది.

పెసలు, మినుములు, అలసందలు గింజగానే ఉంచాలనుకుంటే కిలోకు ఒక చెంచా ఆముదం చొప్పున పట్టించి, ఎండబెట్టి, జాడీ నిండా పోసి పైన మూడంగుళాల మందాన ఎండిన సన్న ఇసుక పొయ్యండి. లోపల పుట్టిన పురుగు పైకి రాలేదు, బయటి పురుగు లోపలికి దిగలేదు. విత్తనాలకైతే బూడిద కలపడం కూడా బాగా పనిచేస్తుంది.

మిరపకాయలు, చింతపండు, బెల్లం

ఎండుమిరప ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. కొనేటప్పుడు కాయను చెవి దగ్గర పెట్టి ఊపండి, గింజల గలగల వినిపించాలి. తొడిమ దగ్గర చీల్చి లోపల చూడండి. బూడిదరంగు బూజు ఉంటే ఆ బస్తా వదిలెయ్యండి. ఆ బూజు విషం వేయించినా, ఊరబెట్టినా పోదు. రోజువారీ కారానికి గుంటూరు సన్నాలు, పచ్చళ్ళలో ఎర్రటి రంగు కోసం వరంగల్ చపాటా లాంటి లావు కాయలు కలుపుకుంటే కారమూ రంగూ రెండూ కుదురుతాయి. ఏడాది కారం ఒక్కసారే ఆడించకండి. పచ్చళ్ళకు కావలసినంతా, పైన మూడు నెలల వాడకానికీ ఆడించి, మిగతావి తొడిమలతో కాయలుగానే ఉంచండి. తొడిమ తీస్తే ఆ బెజ్జంలోంచి తేమా పురుగూ దూరతాయి.

చింతపండు కొత్తది లేత ఎరుపులో ఉన్నప్పుడే కొని, గింజలూ ఈనెలూ తీసి, ఒక పూట ఎండ చూపించండి. తర్వాత కిలోకు పిడికెడు రాళ్ళుప్పు చొప్పున పొరలు పొరలుగా చల్లుతూ జాడీలో గట్టిగా అదిమి పెట్టాలి. గాలి తక్కువుంటే నలుపు ఆలస్యమవుతుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల్లో మాత్రం వద్దు, పులుపు లోహాన్ని తింటుంది. ఏడాది తిరిగేసరికి కాస్త నల్లబడుతుంది, పులుసుకు ఆ పాత చింతపండే రుచి.

బెల్లానికి శత్రువు గాలిలోని చెమ్మ. అనకాపల్లి వైపు నుంచి కొత్త బెల్లం సంక్రాంతి తర్వాత వస్తుంది. దిమ్మలను ఎండు తాటాకులోనో మందపాటి కాగితంలోనో చుట్టి, గాలి చొరని డబ్బాలో వేసి, పొయ్యి ఉన్న గదిలో ఎత్తున పెట్టండి. శ్రావణ మాసంలో అది కరగడం మొదలైందంటే ఆ దిమ్మను వెంటనే పాకం పట్టి అరిసెలకో రొట్టెలోకో వాడేసుకోవాలి.

ఉల్లిపాయల్లో యాసంగి పంటవే నాలుగైదు నెలలు ఉంటాయి, వానాకాలం పంటవి ఉండవు. మెడ బాగా ఎండి, పైపొర గలగలలాడేవి ఏరి, వెదురు తడికె మీద గాలి ఆడేలా పరచండి.

ఆవకాయ, వడియాలు

ప్రతి ఇంటికీ తన కొలత ఉంటుంది. నా కొలత చెప్తాను. టెంక కట్టిన పుల్లటి గట్టి కాయలు, కిలో ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి తలా 200 గ్రాములు, గుప్పెడు మెంతులు, అరలీటరు నువ్వులనూనె. ముక్క మీద చుక్క తడి ఉండకూడదు, కాయలు కడిగి తుడిచి గంటసేపు గాలికి ఆరాకే కత్తిపీట ముందు కూర్చోండి. జీడి తీసి లోపలి పొర గుడ్డతో తుడవాలి. మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూడండి. నూనె ముక్కల పైకి అంగుళం తేలాలి. తేలకపోతే నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పొయ్యండి. ఉప్పు చెడును ఆపుతుంది, నూనె గాలిని ఆపుతుంది. ఉప్పు తగ్గించి ఆవకాయ పెట్టాలనుకునేవాళ్ళు దాన్ని ఫ్రిజ్జులో పెట్టుకోవాలి, జాడీలో ఏడాది ఉండదు.

వడియాలూ చల్ల మిరపకాయలూ ఏప్రిల్, మే ఎండల పని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండ వడియానికి మహా మంచిది. గుమ్మడి వడియాలకు ముక్కలను ఉప్పూ పసుపూ కలిపి మూట కట్టి రాత్రంతా రాయి కింద పెడితే నీరు దిగిపోతుంది. ఈ పని మానేస్తే ఎన్ని రోజులు ఎండినా లోపల మెత్తగానే ఉంటాయి.

డబ్బాలు, పురుగులు, చెయ్యకూడని పనులు

బియ్యానికీ పప్పుకూ రేకు డ్రమ్ములు మేలు, ఎలుక కొరకలేదు. ప్లాస్టిక్ డ్రమ్ము కొంటే కొత్తది, తిండిసరుకు కోసం చేసింది కొనండి. రసాయనాలు వచ్చిన నీలం డ్రమ్ములు సంతలో చవగ్గా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిలో తిండిగింజలు పోయకూడదు. గాలి చొరని మూడు పొరల సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవి చాలా మంచివి. మూతి బిగించాక లోపలి ప్రాణవాయువు అయిపోయి పురుగు దానంతటదే చస్తుంది. డ్రమ్మైనా సంచైనా గొంతుదాకా నింపండి. సగం ఖాళీ డ్రమ్ములో ఉన్న గాలి పురుగుకు ఊపిరి.

వేపాకు వేస్తే మంచిదే, నీడన పూర్తిగా ఎండినది వెయ్యాలి. పచ్చి వేపాకు వేస్తే మనమే చేత్తో తేమ పెట్టినట్టు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, పసుపు కొమ్ములు వేసినా కొంత కాపుదల ఉంటుంది. అప్పటికే పట్టిన పురుగును అవి చంపవు.

రెండు పనులు మాత్రం చెయ్యనే వద్దు. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం చాలా ఇళ్ళలో మామూలైపోయింది. కడిగితే పోతుందని అనుకుంటారు. అది విషపదార్థం, తిండిగింజల్లో కలిపేది కాదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఇక రెండోది, గోదాముల్లో పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటినుంచి ప్రాణాలు తీసే విషవాయువు వస్తుంది. మనుషులు పడుకునే ఇంట్లో, పక్క గదిలో కూడా ఒక్క గుళిక పెట్టకూడదు. కుటుంబాలకు కుటుంబాలు ఇలా పోయాయి. పురుగు పట్టిన పప్పులు మీ చేతికొస్తే మే ఎండలో టార్పాలిన్ మీద పలచగా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులకు రాళ్ళు పెట్టండి. లోపలి వేడికి నడిమధ్యాహ్నం రెండు మూడు గంటల్లో పురుగూ గుడ్డూ చస్తాయి. తర్వాత జల్లించి, చల్లార్చి ఎత్తుకోండి.

నిప్పుల మీద దిబ్బరొట్టె

పొయ్యి మీద వంటయ్యాక మిగిలే నిప్పులు ఊరికే బూడిదవుతాయి. ఓవెన్ లేని ఇంట్లో మన ఓవెన్ అవే. కిందా పైనా నిదానమైన వేడి, మధ్యలో మూతపెట్టిన పాత్ర. దిబ్బరొట్టెకు కావలసింది అంతకంటే ఏమీ లేదు, సరుకంతా నిల్వలోదే.

ఒక గ్లాసు మినపపప్పు నాలుగు గంటలు నానబెట్టండి. రెండు గ్లాసుల బియ్యపు రవ్వను కడిగి విడిగా గంటసేపు నానబెట్టండి. పప్పును తక్కువ నీళ్ళతో గట్టిగా, మెత్తగా రుబ్బి, పిండిన రవ్వ, ఉప్పు, జీలకర్ర కలపండి. పిండి గరిటెనుంచి జారకుండా ముద్దగా పడాలి. పుల్లగా కావాలంటే రాత్రంతా ఉంచండి, పెచ్చు కరకరలాడాలంటే రెండు గంటల్లోపే వెయ్యండి.

దళసరి ఇనప మూకుడు గానీ ఇత్తడి గిన్నె గానీ పొయ్యి మీద కాగాక నాలుగు చెంచాల నూనె వేసి అంచులదాకా తిప్పండి. పిండిని రెండు వేళ్ళ మందాన పోసి, మంట లాగేసి, కింద పలచగా నిప్పులు ఉంచండి. అంచు పైకి లేచిన ఇనప పళ్ళెం మూతగా బోర్లించకుండా పెట్టి, అందులో కింద ఉన్నదానికి రెండింతల నిప్పులు పొయ్యండి. ఇక్కడే గుట్టంతా ఉంది. పైవేడి ఎక్కువుంటే రొట్టె తిరగెయ్యకుండానే రెండు వైపులా కాలుతుంది. కిందవేడి ఎక్కువైతే అడుగు మాడి మధ్య పచ్చిగా ఉంటుంది. మొదటి పది నిమిషాలు పిండిలోని తేమ సన్నగా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు నెమ్మదించి, నూనె అంచున బుడగలు ఆగి, వేగిన మినపప్పు వాసన వచ్చిందంటే మూత తియ్యొచ్చు. సుమారు 25 నిమిషాలు. అంచు గిన్నెను వదిలి ఉండాలి, ఈనెపుల్ల గుచ్చితే పొడిగా రావాలి. చెరకు పానకంతో తినండి, కొత్తావకాయతో తినండి.

తెలంగాణలో ఇదే నిప్పుల మీద సర్వపిండి చేస్తారు. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, వేడినీళ్ళతో తడిపి, లోతు గిన్నె లోపలి గోడలకు చేత్తో ఒత్తి, వేళ్ళతో బెజ్జాలు చేసి నూనె వేస్తారు. కొన్నిచోట్ల గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ అంటారు. వారం వారం పట్టించిన తాజా బియ్యప్పిండితో చేసినప్పుడు దాని రుచే వేరు.

ఇసుక గిన్నెలో కేకు, రాగి బిస్కెట్లు

పాత కుక్కరు గానీ వెడల్పాటి దళసరి గిన్నె గానీ తీసుకోండి. కుక్కరైతే రబ్బరూ విజిలూ తీసెయ్యాలి. అడుగున రెండు వేళ్ళ మందాన కడిగి ఎండబెట్టిన ఇసుక పోసి, మధ్యలో చిన్న ఇనప స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చెయ్యండి.

గోధుమపిండి పావుకిలో, బెల్లం పొడి 200 గ్రాములు, పెరుగు 200 గ్రాములు, కరిగించిన నెయ్యి లేదా నూనె 100 మిల్లీలీటర్లు, వంటసోడా అరచెంచా, బేకింగ్ పౌడర్ చెంచా, యాలకుల పొడి. బెల్లాన్ని పెరుగులో కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది. నెయ్యి కలిపి, జల్లించిన పిండి మడతపెట్టినట్టు కలపండి, గట్టిగా ఉంటే కొద్దిగా పాలు. ఎక్కువసేపు గిలకొడితే కేకు సాగుతుంది. నెయ్యి రాసిన గిన్నెలో సగానికే పోసి, సన్నమంట మీద 45 నిమిషాలు. మొదటి అరగంట మూత తియ్యవద్దు, పొంగింది కుంగిపోతుంది.

రాగి బిస్కెట్లకు రాగిపిండి 150 గ్రాములు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చండి. గోధుమపిండి 100, బెల్లం పొడి 100, నెయ్యి 100 గ్రాములు, చిటికెడు సోడా, చిటికెడు ఉప్పు కలిపి, ముద్ద కావడానికి సరిపడా పాలు చిలకరించండి. పావంగుళం మందాన ఒత్తి, ఎడంగా పేర్చి, ఇసుక గిన్నెలో 20 నిమిషాలు. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. నిప్పులైనా బొగ్గుల కుంపటైనా తలుపులు తీసిన చోట, వీలైతే పెరట్లో పెట్టుకోండి. మూసిన గదిలో బొగ్గుల పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

పెద్దమొత్తంలో కావాలంటే ఊరి బేకరీనే దారి. పిండి, పంచదార, నెయ్యి మనమే తీసుకెళ్తే కిలోకింత అని మజూరీ తీసుకుని బిస్కెట్లు చేసిస్తారు. క్రిస్మస్ ముందు రోజుల్లో రద్దీగా ఉంటుంది, ముందుగానే చెప్పి రోజు తీసుకోండి. కిలో పిండికి అరకిలో పంచదార, అరకిలో నెయ్యి లెక్క. మన పిండి మన కళ్ళముందే కలిపించుకోండి. అక్కడినుంచి తెచ్చినవి పూర్తిగా చల్లారాకే రేకు డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూస్తే రెండో రోజుకే మెత్తబడతాయి.

వానాకాలంలో చూసుకోవాల్సినవి

ప్రతి డ్రమ్ము మీదా సుద్దతో సరుకు పేరు, నింపిన నెల రాయండి. పాతది ముందు తీయండి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా, వాన తెరిపిచ్చిన రోజున నెలకోసారి ఒక్కో డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. లోపల గింజ చల్లగా ఉండాలి. వెచ్చగా తగిలితే పురుగో తేమో పని మొదలుపెట్టినట్టే, ఆ పూటే బయటపోసి జల్లించండి. తడిచేత్తో గానీ తడి గరిటెతో గానీ ఏ జాడీనీ ముట్టుకోవద్దు. పచ్చడిని పెద్ద జాడీలోంచి రోజూ తీయకుండా వారానికి సరిపడా చిన్న సీసాలోకి వంచుకోండి.

బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న, మిరప కనబడితే ఏరుకుని బాగున్నవి వాడుకుందామనుకోకండి. పశువులకు కూడా పెట్టొద్దు, ఆ విషం పాలలోకి దిగుతుంది. పెరటికి దూరంగా, కోళ్ళు కెలకని లోతులో గుంట తీసి పూడ్చెయ్యండి.